పాత ష్టైఫ్ టెడ్డీ: వేలంలో పాడుకోదగ్గదే, కానీ పరీక్షించాకే

జర్మనీలోని గీంగెన్‌లో తయారైన ష్టైఫ్ బొమ్మల కంపెనీ తొలి తరం టెడ్డీ ఎలుగుబంట్ల పనితనానికి ఐదుకు ఐదు ఇవ్వాల్సిందే. మొహైర్ (అంగోరా మేక ఉన్ని) బొచ్చు, పొడవాటి చేతులు, వీపున గూని, కీళ్లలో అట్ట బిళ్లలు. లోపల కూరింది సన్నటి చెక్క తురుము కాబట్టి నొక్కితే కరకరలాడాలి. మెత్తగా అణిగిపోతే కూరు మార్చి ఉండొచ్చు, లేదా పొడైపోయి ఉండొచ్చు.

కంపెనీ గుర్తుగా చెవిలో ఉండే లోహపు గుండీ ఒక్కటే చూసి పాట పెంచకండి. పాత గుండీని వేరే బొమ్మకు బిగించడం కష్టమేమీ కాదు. 1980 నుంచి కంపెనీయే పాత నమూనాలను మళ్లీ చేస్తోంది. అతినీలలోహిత టార్చి వేసినప్పుడు కుట్టుదారం తెల్లగా, నీలంగా మెరిస్తే అది చాలావరకు ఇటీవలి దారమే. అయితే మరమ్మతు కుట్టు కూడా కావచ్చు, అన్ని కుట్లూ చూడండి. అరికాలి ఫెల్టు (అదిమి చేసిన ఉన్ని గుడ్డ) మార్చినా ఫర్వాలేదు, ధరలో తగ్గించుకోవచ్చు. బొచ్చు రాలిపోతే మాత్రం తిరిగి రాదు.

పాట ధరపై వేలంసంస్థ రుసుము అదనం, ముందే లెక్కేసుకోండి. కొన్నాక గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచితే బట్టపురుగు చస్తుంది. బయటికి తీశాక బొమ్మ గది వేడికి వచ్చేదాకా సంచి విప్పొద్దు, తేమ పట్టేస్తుంది.