పీటీసీ థర్మిస్టర్ + డ్రైవ్: మూడేళ్లు వాడాక

మోటారు ఎంత వేడెక్కిందో, దాని వేగాన్ని మార్చే పరికరమైన డ్రైవ్ మోటారు తీసుకునే కరెంటును బట్టి లెక్కగడుతుంది. అది అంచనా మాత్రమే. వైండింగ్‌లో ఫేజుకొకటి చొప్పున కూర్చున్న మూడు పీటీసీలు (హద్దు దాటి వేడెక్కితే నిరోధం ఒక్కసారిగా పెరిగే సెన్సర్లు) అసలు వేడినే చూస్తాయి. ఈ ఒక్క విషయంలో వాటికి సాటి లేదు.

మా కన్వేయర్ మోటారు గంటల తరబడి 15 హెర్ట్జ్ మీదే తిరుగుతుంది. ఫ్యాను షాఫ్టుకే ఉంటుంది కాబట్టి వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది. దానికి తోడు ఫ్యాను మూత జాలీ దుమ్ముతో అట్టకట్టింది. కరెంటు నేమ్‌ప్లేట్ విలువకు లోపే ఉంది, డ్రైవ్ లెక్కలో ఏ తప్పూ లేదు. జాలీ మూసుకుపోయిన సంగతి దానికెలా తెలుస్తుంది? ట్రిప్ చేసింది, అంటే మోటారును ఆపించింది, పీటీసీ. పవర్ తీసి, ఆగాల్సినంత సేపు ఆగి, టెర్మినల్ బాక్సు విప్పి మీటరు పెడితే 2000 ఓమ్‌లు, చూస్తుండగానే దిగిపోతోంది. పూర్తిగా చల్లారాక మూడూ కలిపి 200 లోపే. జాలీ శుభ్రం చేశాక ఆ ట్రిప్ మళ్లీ రాలేదు.

'పెట్టి మరిచిపోవచ్చు' అని పీటీసీల గురించి మొదట్లో నేనన్న మాటను మాత్రం కాస్త సవరించుకోవాలి. సెన్సర్ తీగలను మోటారు కేబుల్‌తో కలిపి కట్టినన్నాళ్లూ చల్లటి మోటారు మీద కూడా ట్రిప్పులు వచ్చాయి. మెలితిప్పిన షీల్డెడ్ కేబుల్ వేసి, వేరే దారిలో లాగి, షీల్డును డ్రైవ్ దగ్గర ఎర్త్ చేశాకే ఆగాయి. తీగలు షార్ట్ అయితే మోటారు చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది, అందుకని షార్ట్‌ను పసిగట్టే ఇన్‌పుట్టే ఎంచుకోవాలి. డ్రైవ్ ఇన్‌పుట్‌కు తగిన ఐసొలేషన్ (మోటారు వోల్టేజీ నుంచి విద్యుత్ వేర్పాటు) లేకపోతే మధ్యలో థర్మిస్టర్ రిలే (పీటీసీని చూసి డ్రైవ్‌కు సంకేతమిచ్చే విడి పరికరం) తప్పదు. మెగ్గర్‌ను (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరును) పీటీసీ నుంచి వచ్చే రెండు తీగల మధ్య ఎప్పుడూ పెట్టకండి, పీటీసీ పోతుంది. రెండూ కలిపి షార్ట్ చేసి, వైండింగ్‌కూ వాటికీ మధ్యే చూడాలి.

ఇంకో లోటు, రోటర్ బిగుసుకుపోతే వైండింగ్ వేడి పీటీసీకి అందేలోపే నష్టం జరగొచ్చు. అందుకే డ్రైవ్‌లోని ఐ స్క్వేర్ టి రక్షణను (కరెంటు, సమయం బట్టి వేడిని లెక్కగట్టే పద్ధతిని) ఆపలేదు, రెండూ ఉండాల్సిందే. పైగా పీటీసీ డిగ్రీలు చెప్పదు, ముందస్తు హెచ్చరిక కావాలంటే పీటీ100 (ఉష్ణోగ్రతను కొలిచే మరో రకం సెన్సర్) నయం.

నెమ్మదిగా, దుమ్ములో తిరిగే మోటారు కాబట్టి ఇక్కడ పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కింది. ఎప్పుడూ 50 హెర్ట్జ్ మీద శుభ్రమైన చోట నడిచే పంపుకైతే ఇంత గట్టిగా చెప్పలేను. వైండింగ్‌లో పీటీసీ లేని పాత మోటారుకు పైన బాడీకి అంటిస్తే ఈ ఫలితం రాదు, రీవైండింగ్‌కు ఇచ్చినప్పుడే లోపల పెట్టించుకోవాలి.