అగ్గిపెట్టెంత స్కానర్, రెండు టన్నుల పికప్: 14 నెలల వాడకం

నా పికప్‌కి పికప్ పోయింది. ఈ మాటకి ఇంట్లో అందరూ నవ్వారు. వెనక నిండా లోడు, ముందు ఎత్తు. యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కినా బండి నలభై దాటట్లేదు, వెనకాల లారీ హారన్ ఆపట్లేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగి కూర్చుంది.

దగ్గర్లో దొరికిన వర్క్‌షాప్‌లో కంప్యూటర్ తగిలించారు. ఐదు నిమిషాల్లో తేల్చేశారు: "డీపీఎఫ్ పోయిందండీ, మార్చాలి." సైలెన్సర్ దారిలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అది, డీజిల్ బండిలో బాగా ఖరీదైన సామాన్లలో ఒకటి. ఎందుకు పోయిందని అడిగా. "పోతాయండీ" అన్నాడు. స్క్రీన్ ఒకసారి చూపించమన్నా. "అది మీకర్థం కాదులెండి" అన్నాడు. ఆ "లెండి" దగ్గర నాకు మండింది. ఆ రాత్రే, బండి కంప్యూటర్లో దాగిన కోడ్లని ఫోన్లో చూపించే ఈ స్కానర్ ఆర్డర్ పెట్టా.

చూడ్డానికి ఏమీ లేదు. అగ్గిపెట్టెంత నల్ల డబ్బా, ఒకవైపు 16 పిన్నులు, ఒక నీలం లైటు. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర ఉండే ఓబీడీ పోర్టులో గుచ్చితే ఫోన్‌తో బ్లూటూత్‌లో కలుస్తుంది. ఈఎల్ఎం327 అనే చిప్పుకి కాపీలు పెట్టి అమ్మే రకాలే బజార్లో ఎక్కువ, నాదీ అలాంటిదే అయ్యుంటుంది. యాప్ తెరవగానే కోడ్ చెప్పింది: పీ2463. డీపీఎఫ్‌లో మసి మితిమీరిందని దానర్థం. అంటే వర్క్‌షాప్ అతను అబద్ధం ఆడలేదు. కానీ "మసి నిండింది" వేరు, "ఫిల్టర్ పోయింది" వేరు. చెత్తబుట్ట నిండిందని బుట్ట పారేస్తామా?

నాకు దారి చూపింది కోడ్ కాదు, కోడ్ పక్కన ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్. లైటు వెలిగిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ ఒక ఫోటోలా దాచిపెడుతుంది: స్పీడు, ఆర్పీఎం, లోడు, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి. మూడుసార్లు చదివినా నా కళ్ళు ఆర్పీఎం దగ్గరే తిరిగాయి. నాలుగోసారి చూశా. కూలెంట్ 67 డిగ్రీలు. గంటసేపు లోడుతో నడిచిన బండి 67లో ఉండటమేంటి? 85, 90 మధ్య ఉండాలి.

మర్నాడు లైవ్ డేటా పెట్టుకుని నడిపా. ట్రాఫిక్‌లో ఆగితే 74 దాకా వెళ్తుంది, రోడ్డెక్కి గాలి తగిలితే 66కి దిగుతుంది. మీటర్ బోర్డులో సూది మాత్రం మధ్య గీతకి వెంట్రుకవాసి కింద, బుద్ధిమంతుడిలా. కొత్త బండ్లలో ఆ సూది నిజమైన వేడిని ఉన్నదున్నట్టు చూపించదు, ఓ మోస్తరు తేడాలు కనబడకుండా మధ్యలోనే నిలిపేస్తారు. నేను దాన్నే నమ్ముకుని ఎన్నాళ్ళు తిరిగానో.

అసలు కథ ఇది. డీపీఎఫ్‌లో పట్టిన మసిని బండి తనంతట తాను కాల్చుకుంటుంది, రీజెనరేషన్ అంటారు. దానికి ఫిల్టర్ దగ్గర 600 డిగ్రీలు అటూ ఇటూగా వేడి కావాలి. ఇంజిన్ సరిగ్గా వేడెక్కిందని కూలెంట్ సెన్సర్ చెప్తేనే కంప్యూటర్ ఆ పని మొదలుపెడుతుంది. నా బండి ఎప్పుడూ చల్లగానే ఉంది కాబట్టి కాల్చడం లేదు, మసి మాత్రం పేరుకుంటూనే ఉంది. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వు థర్మోస్టాట్. అది చెడి తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ ఇలా చల్లగా ఉంటుంది. అప్పుడు రావాల్సిన కోడ్ పీ0128 నా బండిలో రానే లేదు. వచ్చుంటే ఇంత తిప్పలు లేదు.

ఇంకో చిన్న పరీక్ష స్కానర్ అక్కర్లేకుండానే చేశా. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి పెట్టా. థర్మోస్టాట్ మూసుకుని ఉంటే ఆ హోస్ చాలాసేపు చల్లగానే ఉండి, తెరుచుకున్నాక ఒక్కసారిగా వేడెక్కాలి. నాది మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా తేలింది. తెలిసిన మెకానిక్ అన్న థర్మోస్టాట్‌ని విప్పి నా చేతిలో పెట్టాడు. వాల్వు అంచున రబ్బరు ముక్క ఇరుక్కుని, గోరు దూరేంత సందు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఆ సందులోంచి ఆకాశం కనిపించింది. "ఇదిగో మీ డీపీఎఫ్" అన్నాడు అన్న.

కొత్త థర్మోస్టాట్, కొత్త కూలెంట్ పడ్డాయి. అప్పటికి మసి మరీ ఎక్కువైంది కాబట్టి బండిని నిలబెట్టి బలవంతంగా రీజెనరేషన్ చేయించాల్సి వచ్చింది. అది ఈ స్కానర్‌తో అవ్వదు, అన్న దగ్గరున్న పెద్ద మెషీన్‌తోనే అయింది. ఆ పని జరిగేటప్పుడు కింద ఎండుగడ్డి, చెత్త ఉండకూడదు, సైలెన్సర్ అంత కాలుతుంది. మసి కాల్చే వేడి కోసం అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది కాబట్టి ఆయిలూ మార్పించా. తక్కువ బూడిద మిగిల్చే రకం, మాన్యువల్‌లో రాసిన గ్రేడే. మసి కాలిపోతుంది గానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్లోనే ఉండిపోతుంది. ఇది జరిగి 13 నెలలు. అదే డీపీఎఫ్.

రెండోసారి స్కానర్ పనికొచ్చింది, ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో విషయంలో. పీ0299, అంటే గాలి ఒత్తిడి చాలట్లేదు. ఈసారి కోడ్ చూసి కంగారు పడలేదు. కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా చూస్తే మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్లోకి వెళ్ళే గాలి ఒత్తిడి) 99 కిలోపాస్కల్, బయటి గాలితో సమానం. సెన్సర్ బాగానే ఉంది. లోడుతో ఎత్తెక్కితే 140 దగ్గరే ఆగిపోతోంది, ఇదివరకు 200 దాటేది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ అడుగున వేలు పోనిస్తే నల్లటి ఆయిల్ అంటింది. పైనుంచి చూస్తే ఏమీ లేదు, అడుగున క్లిప్పు పక్కన చీలిక. ఐడిల్‌లో మూసుకునే ఉంటుంది, ఒత్తిడి పడితేనే నోరు తెరుస్తుంది. హోస్ మార్చాం, టర్బో జోలికి పోలేదు.

బ్యాటరీ దగ్గర మాత్రం దీన్ని పూర్తిగా నమ్మకండి. ఒకరోజు మీటర్ బోర్డులో లైట్లన్నీ ఒక్కసారే వెలిగి, యూతో మొదలయ్యే కోడ్లు (బండిలోని కంప్యూటర్ల మధ్య మాటలు తెగాయని చెప్పేవి) మూడు వచ్చాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానర్ కనెక్షన్ పోతుంది, లేకపోతే రీడింగ్ ఆలస్యంగా వస్తుంది. మల్టీమీటర్ పెడితే సెల్ఫ్ కొడుతుండగా 8.9 వోల్టులకి పడింది. 9.6 కంటే దిగితే బ్యాటరీనో టర్మినళ్ళనో అనుమానించాలి. బ్యాటరీ మార్చాక మూడు కోడ్లూ మాయం.

ఇక తిట్లు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఫోర్ వీల్ కంట్రోలర్ దీనికి కనపడవు. పీ1తో మొదలయ్యే కంపెనీ సొంత కోడ్లకి ఏదో ఒక అర్థం అంటగడుతుంది, సగం తప్పులే. యాప్‌లో "కోడ్ తుడిచెయ్" బటన్ మరీ పెద్దగా, చేతికి తగిలేట్టు పెట్టారు. అది నొక్కితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. నేను మొదటి రాత్రే నొక్కుంటే 67 డిగ్రీలు నాకు కనపడేదే కాదు. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. కీ తీసేసినా ఆ పోర్టులో కరెంటు ఉంటుంది, వారం రోజులు బండి కదల్చకుండా దీన్ని వదిలేస్తే బ్యాటరీ డౌన్ అయ్యే ప్రమాదం ఉంది.

కింద నుంచి వచ్చే రోగాలకి ఇది మూగది. గేరు వేయగానే టంగుమన్న చప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌దని చెప్పింది నా చెవులు. కమాను బుష్షులు, వీల్ బేరింగులు, గ్రీజు ఎక్కని నిపుల్స్, డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్ళు, వీటికి ఇప్పటికీ బండి కింద పడుకోవాల్సిందే.

కొనేవాళ్ళకి ఒక మాట: ఐఫోన్ అయితే పాత బ్లూటూత్ రకం కలవదు, బ్లూటూత్ ఎల్‌ఈ గానీ వైఫై గానీ ఉన్నది చూసుకోండి. దాంతోపాటు ఒక మూరెడు ఎక్స్‌టెన్షన్ వైరు కూడా. అది లేక మొదటి నెలంతా క్లచ్ తొక్కిన ప్రతిసారీ నా మోకాలు ఈ డబ్బాకి కొట్టుకుంది.