సముద్రపు గాలిలో 48 గుడ్ల ఇంక్యుబేటరు

విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటి వెనుక ఉన్న చిన్న పెరట్లో ఆరు నాటు పెట్టలను, ఒక డేగ (ఎర్ర ఈకల) పుంజును పెంచుకుంటున్న నేను, పెట్ట పొదుగుకు కూర్చునే దాకా ఆగే ఓపిక లేక, గత జూన్‌లో 48 గుడ్లు పట్టే ఇంక్యుబేటరును ఆన్‌లైన్‌లో కొన్నాను. పసుపు రంగు అడుగు, లోపలికి కనిపించే మూత, గుడ్లను దొర్లించే రోలర్లు ఉన్న ఈ నమూనా ఒకే అచ్చులో పోసి పది పేర్లతో అమ్ముతున్న సరుకు కనుక, నేను ఏ పేరున్నది కొన్నానో చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ధర ఆరున్నర వేల రూపాయలు. వానాకాలంలో రెండు విడతలు, జనవరిలో ఒక విడత గుడ్లు పెట్టి చూసిన తరువాతనే ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటి విడతలో మా పెట్టల గుడ్లకు తోడుగా పెందుర్తి వైపు ఒక ఇంటి నుంచి తెచ్చిన గుడ్లను కలిపి 40 పెట్టాను. ఏడో రోజు చీకట్లో టార్చి పట్టి చూస్తే 33 గుడ్లలో ఎర్రటి నరాలు స్పష్టంగా కనిపించాయి. 21వ రోజు గడిచింది, ఒక్క పెంకూ పగలలేదు. 22వ రోజు రాత్రి మొదలై 23వ రోజు మధ్యాహ్నానికి 14 పిల్లలు మాత్రమే బయటికి వచ్చాయి. మిగిలిన గుడ్లను పగలగొట్టి చూస్తే, ఈకలతో సహా పూర్తిగా తయారైన పిల్లలు పెంకులోనే తడితడిగా చచ్చి ఉన్నాయి. ఆ సాయంత్రం భోజనం సహించలేదు.

ఆలస్యానికి కారణం ముందుగా దొరికింది. తెర మీద 37.7 డిగ్రీలు చూపిస్తున్న యంత్రంలో, జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటరును గుడ్ల మధ్య పెడితే 37.1 మాత్రమే వచ్చింది. అర డిగ్రీ తేడాయే కదా అని తోసిపుచ్చడానికి వీలు లేదు, ఎందుకంటే ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 నుంచి 37.8 మధ్య వేడి నిలకడగా ఉంటేనే పిల్ల 21 రోజులకు వస్తుంది, అంతకు తగ్గితే ఆలస్యమవుతుంది, బలహీనంగానూ ఉంటుంది. తెర మీది అంకెను సరిదిద్దుకునే సౌకర్యం యంత్రంలో ఉంది కాని, దాని సంగతి యంత్రంతో వచ్చిన సూచనల కాగితంలో ఎక్కడా రాయలేదు.

చావులకు కారణం మాత్రం యంత్రంలో లేదు, ఆ కాగితంలోనే ఉంది. మొదటి రోజు నుంచే అడుగున ఉన్న రెండు నీటి గదులనూ నింపమని అందులో రాశారు, నేను నింపాను. గుడ్లు ఇచ్చిన పెందుర్తి మామ్మ దగ్గర ఈ కథంతా చెప్పుకుంటే ఆవిడ నవ్వి, "పొదుగులో కూకున్న కోడి కింద ఎవులైనా నీళ్లు పోస్తారేటి బాబూ?" అన్నది. గంపలో గడ్డి పరచి, ఉరుములకు గుడ్లు మురగకుండా ఒక ఇనుప ముక్క పెట్టి కోడిని కూర్చోబెట్టే ఆవిడ మాటను మొదట తేలికగా తీసుకున్నాను కాని, ఇంటికి వచ్చి లెక్క వేస్తే ఆవిడ చెప్పిందే నిజమని తేలింది.

లోపల పిల్ల పెరిగేటప్పుడు గుడ్డులోని నీరు పెంకు రంధ్రాల గుండా కొంత ఆవిరి కావాలి. 18 రోజుల్లో గుడ్డు బరువు సుమారు 12 శాతం తగ్గితేనే పెద్ద కొనలో గాలి గది సరిపడినంత ఏర్పడుతుంది, పిల్ల మొదటి ఊపిరి ఆ గదిలోనే పీల్చుకుంటుంది. అందుకు మొదటి 18 రోజులు యంత్రంలో తేమ 50 శాతం చుట్టుపక్కల ఉంటే చాలు. వానాకాలంలో మా హాలులోని గాలి 30 డిగ్రీల దగ్గర 75 నుంచి 80 శాతం తేమతో ఉంటుంది, అదే గాలి యంత్రంలో 37.7కు వేడెక్కేసరికి ఒక్క చుక్క నీరు పోయకుండానే 50 శాతం దగ్గర ఆగుతుంది. దాని మీద రెండు గదుల నీళ్లు పోయడమంటే, ఉడికిన అన్నంలో మళ్లీ ఎసరు పోయడమే. గాలి గది చిన్నదిగా మిగిలిపోయి, ఊపిరి అందక పిల్లలు లోపలే చనిపోయాయి.

రెండో విడతలో అంకె సరిదిద్ది, 18వ రోజు దాకా గదులను పొడిగా ఉంచి, వంటింటి త్రాసు మీద వారానికి ఒకసారి గుడ్లను తూచాను. ఇరవై నాటు గుడ్లు మొదట 900 గ్రాములు తూగాయి, 18వ రోజుకు 795కు వచ్చాయి. చివరి మూడు రోజులు మాత్రం తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి, లేకపోతే లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది కనుక అప్పుడు రెండు గదులూ నింపాను. 40 గుడ్లలో 27 పిల్లలు వచ్చాయి, అన్నీ 21వ రోజునే. జనవరిలో గాలి చల్లగా, పొడిగా ఉన్నందువల్ల నీళ్లు లేకపోతే తేమ 35 దగ్గరకు పడిపోయింది, అప్పుడు ఒక గది నింపితే సరిపోయింది. కాబట్టి ఈ యంత్రం కొనేవారు మూడు వందలకో నాలుగు వందలకో విడిగా ఒక తేమ మీటరు కూడా కొనుక్కోవాలని నా గట్టి సలహా.

రోలర్ల విషయంలో చిన్న లోపం ఉంది. వాటి మధ్య ఖాళీని ఫారం గుడ్డు కొలతకు పెట్టారు గనుక, చిన్నవైన నాటు గుడ్లు కొన్ని చివరికి జారి తిరగకుండా ఉండిపోతాయి. గుడ్డుకు ఒక వైపు పెన్సిలుతో గుర్తు పెట్టి రోజూ చూసుకోవాలి. 18వ రోజు రోలర్లను తీసేశాక మిగిలే ప్లాస్టిక్ అడుగు నున్నగా ఉంటుంది, దాని మీద జారిన పిల్లలకు కాళ్లు చాపుకుపోతాయి. గరుకు గుడ్డ పరచాను, ఇబ్బంది రాలేదు.

వెనుక 12 వోల్టుల బ్యాటరీ కలిపే ఏర్పాటు ఉందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ప్రకటించారు. 80 వాట్ల హీటరు ఆగకుండా పనిచేస్తే 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ గంట సేపు నిలవడమే గొప్ప. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరు మనది. అయితే రెండు మూడు గంటల కోతకు మూత తెరవకుండా దుప్పటి కప్పితే గుడ్లకు ప్రమాదం లేదు, ఆగస్టులో ఒక రాత్రి అలాగే గట్టెక్కాను.

కోడి పొదుగుతో పాటు పెంపకమూ చేస్తుంది, యంత్రం మాత్రం పిల్లలను చేతిలో పెట్టి ఊరుకుంటుంది. మొదటి వారం 35 డిగ్రీల వేడికి బల్బు, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు, ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు, ఇదంతా మన పనే. సీసాలో వందకు పైగా పిల్లలకు సరిపడే మందు ఉంటుంది, కలిపాక నిలవ ఉండదు, కాబట్టి వీధిలో కోళ్లున్న వారిని కలుపుకున్నాను. మరొక మాట, వనరాజా, గ్రామప్రియ కోళ్ల గుడ్లను ఇందులో పెట్టి అవే కోళ్లు వస్తాయని ఆశపడవద్దు, సంకరజాతి గుణాలు తరువాతి తరంలో నిలవవు.

ఏటా పది పదిహేను పిల్లలు చాలనుకునేవారికి పొదుగుకు కూర్చునే ఒక మంచి నాటు పెట్ట చాలు, ఈ ఖర్చు దండగ. నాలాగా ఏ రంగు పుంజుకు ఏ పెట్ట గుడ్డు నుంచి ఎలాంటి పిల్ల వస్తుందో చూడాలనే పిచ్చి ఉన్నవారికి మాత్రం, ఆరున్నర వేలకు ఇది తగిన వస్తువే. ఐదుకు మూడున్నర ఇస్తాను.

నీటి గదుల గురించి సముద్ర తీరపు కొనుగోలుదారులకు కాగితంలో వేరే సూచన చేర్చమని అమ్మినవారికి వివరంగా రాశాను. రెండు రోజుల తరువాత జవాబు వచ్చింది: సరైన ఫలితాలకు రెండు గదులనూ మొదటి రోజు నుంచే నీటితో నింపగలరు.