లంబసింగి చలికి చేయించుకున్న టెంటు పొయ్యి, రెండు చలికాలాలు వాడాక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కంపెనీ సరుకు కాదు, లింకు పెట్టమని అడగొద్దు. వైజాగ్‌లో మా ఏరియా వెల్డింగ్ షాపులో కొట్టించుకున్న కట్టెల పొయ్యి, టెంటు లోపల వెచ్చగా ఉండడానికి. మొత్తం మీద ఐదుకి మూడున్నర ఇస్తా, ఆ తగ్గిన ఒకటిన్నరలో సగం తప్పు నాదే.

ఈ పిచ్చి ఎక్కింది కశ్మీర్‌లో. మూడేళ్ళ కిందట జనవరిలో వెళ్తే మేం దిగిన ఇంట్లో హాలు మధ్యలో బుఖారీ ఉంది, అంటే డ్రమ్ము లాంటి ఇనప పొయ్యి, కట్టెలు దాని లోపల కాలతాయి, పొగంతా గొట్టంలోంచి కప్పు దాటి బయటికి పోతుంది. బయట మోకాలి లోతు మంచు, లోపల మేం స్వెట్టర్లు తీసి పక్కన పెట్టి కూర్చున్నాం. అక్కడే అనుకున్నా, ఇలాంటిది చిన్నది ఒకటి చేయించుకుంటే లంబసింగిలో రాత్రి పళ్ళు టకటకలాడే బాధ తప్పుతుంది కదా అని. లంబసింగి తెలియని వాళ్ళకి, చింతపల్లి మండలంలో ఉంటుంది, ఇదివరకు విశాఖ జిల్లా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా, సముద్రానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరు, బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందంటారు. డిసెంబర్ రాత్రి అద్దె టెంటులో, అద్దె రగ్గులో పడుకున్నోడెవడూ ఆ పేరుని అనుమానించడు.

మొదటి ప్రయోగం పదిహేను కిలోల నూనె డబ్బాతో. పాత సామాన్ల కొట్లో నలభై రూపాయలు, ఒక పక్క తలుపులా కోసి పైన గొట్టానికి కన్నం పెట్టి మేడ మీద వెలిగించా. వెలిగింది, బ్రహ్మాండంగా వెలిగింది, నాలుగో మంటకి అడుగు జల్లెడైపోయింది. ఆ రేకు అగరబత్తి మందం కూడా ఉండదు, ఎర్రగా కాలి తుప్పు పెళ్ళలుగా ఊడిపోతుంది. పొట్టు పొయ్యికి పనికొస్తుందేమో గానీ, దాంట్లో అసలు మంట రేకుని తాకదు కదా, పొట్టే గోడలా ఉంటుంది, కట్టెలకి మాత్రం వద్దు.

రెండోసారి సరిగ్గా చేయిద్దామని 2 ఎంఎం ఐరన్ షీటుతో పెట్టె, పొడవు 16 అంగుళాలు, వెడల్పు 9, ఎత్తు 9. షీటు బరువు ఏడున్నర కిలోలు, తలుపు, కాళ్ళు కలిపి తొమ్మిదైంది. వెల్డింగాయన 3 ఎంఎం పెడదాం జీవితాంతం ఉంటాది అన్నాడు గానీ అప్పుడు ఒట్టి షీటే పదకొండు దాటుతుంది, కారు డిక్కీలోంచి టెంటు దాకా మోసేది నేను. బొమ్మ గీసి చూపిస్తే ఆయన కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి "ఏటి బాబూ ఇది, గుడ్డ ఇంట్లో నిప్పెట్టుకుంటావా" అన్నాడు. నేను "మా నాయనమ్మ వాళ్ళ పెరట్లో రాగి బాయిలర్ ఉండేది గుర్తుందా మావయ్యా, మధ్య గొట్టంలో కొబ్బరి చిప్పలు వేస్తే చుట్టూ నీళ్ళు కాగేవి, ఇది కూడా అదే, నీళ్ళ బదులు గాలి వేడెక్కుతుంది అంతే" అంటే అప్పుడు అర్థమైంది ఆయనకి.

పని నీట్‌గా చేశాడు, వెల్డింగ్‌లో ఎక్కడా సందు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నేను అడక్కుండానే ప్రేమగా రెడ్ ఆక్సైడ్ కొట్టి దాని మీద సిల్వర్ పెయింట్ కూడా వేసేశాడు. చూడ్డానికి పెళ్ళి సారె సామానులా మెరిసిపోతోంది, మొదటిసారి మేడ మీద వెలిగిస్తే రెండు గంటలపాటు ఆ రంగు కాలి కాలి పక్కింటాళ్ళు కిటికీలు మూసుకున్నారు. అందుకే ఎవరు చేయించినా మొదటి రెండు మూడు మంటలు ఆరుబయటే. తర్వాత ఇసుక కాయితంతో రుద్ది బైక్ సైలెన్సర్‌కి కొట్టే నల్ల స్ప్రే వేశా, అది నిలబడింది.

ఇక గొట్టం సంగతి. జనం అందరూ పెట్టె గురించే ఆలోచిస్తారు, నేనూ అంతే, కానీ పెట్టె ఎలా ఉన్నా మంట మండుతుంది, గొట్టం తేడా వస్తే మాత్రం టెంటులో మనిషి ఉండలేడు. వేడి గాలి తేలిక కాబట్టి పైకి లాగుతుంది, గొట్టం ఎంత ఎత్తుంటే లాగుడు అంత బాగుంటుంది, కనీసం టెంటు కొప్పు కంటే పైకి ఉండాలి, లేదంటే గాలి విసిరినప్పుడు పొగ వెనక్కి తంతుంది. నాది ఎనిమిది అడుగులు, రెండేసి అడుగుల ముక్కలు నాలుగు. అందరూ ఇచ్చే సలహా ఏంటంటే జీఐ గొట్టం వాడమని, ఎందుకంటే చవక. వద్దండి. దాని మీద ఉన్న జింకు పూత బాగా ఎర్రబడితే ఆవిరై ఆ పొగ పీలిస్తే చలిజ్వరం లాంటిది వస్తుంది, వెల్డింగ్ పని చేసేవాళ్ళని అడగండి చెప్తారు. నేను మెట్లకి స్టీల్ రెయిలింగ్ చేసే షాపులో మిగిలిపోయిన మూడంగుళాల ముక్కలు కొన్నా, 1900 అయ్యింది, బరువు ఐదు కిలోల పైనే. పెట్టె కంటే గొట్టమే తలనొప్పి అని ఇప్పటికే అర్థమయ్యుంటుంది.

అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. ముక్క ముక్కకీ ఒక చివర సన్నగా ఉండాలి కదా, ఒకదాంట్లో ఒకటి దూరడానికి. మా వెల్డింగాయన పైనుంచి పడే వాన లెక్కలో ఆలోచించి సన్న చివరలు పైకి పెట్టాడు, పై ముక్క కింది ముక్క మీద టోపీలా కూర్చుంటుంది, వాన పడినా లోపలికి దిగదు, లాజిక్ కరెక్టే. కానీ పొయ్యి గొట్టంలో వాన కాదు సమస్య, లోపలి తారు. కట్టెలు పచ్చిగా ఉంటే, మంట చిన్నదిగా పెడితే, పొగ పైకెళ్ళే దారిలో చల్లబడి నల్లటి జిగురులా గోడలకి పట్టి కిందికి కారుతుంది. సన్న చివర పైకి ఉంటే ఆ కారేది ప్రతి జాయింట్ దగ్గరా బయటికొస్తుంది. మొదటి రాత్రి లంబసింగిలో నా తెల్ల కాన్వాస్ టెంటు మీద నల్లగా నాలుగు చారలు, ఇప్పటికీ పోలేదు, సర్ఫ్ నుంచి కిరోసిన్ దాకా అన్నీ అయ్యాయి. సన్న చివర కిందికి, పొయ్యి వైపు ఉండాలి, కారేది మళ్ళీ మంటలోకే పోవాలి. తిరిగొచ్చాక ముక్కలన్నీ తలకిందులు చేసి, పొయ్యి మీద మెడ ఒక్కటి కోసి వెడల్పుది వేయించా.

టెంటు గురించి రెండు ముక్కలు. లంబసింగిలో అద్దెకిచ్చే డోమ్ టెంట్లు పాలిస్టర్వి, వాటిలో ఈ పొయ్యి పెట్టే ఆలోచన కూడా చేయొద్దు, ఒక నిప్పురవ్వకి కన్నం, గొట్టం తగిలితే కరిగి ఒంటి మీద పడుతుంది. నాది నూలు కాన్వాస్, ఎనిమిదడుగుల చదరం. గొట్టం బయటికెళ్ళే చోట గుడ్డ పెద్దగా కోసి అక్కడ వెల్డింగోళ్ళు వాడే ఫైర్ బ్లాంకెట్ ముక్క వేయించా, గాజు నారతో చేస్తారు దాన్ని. మామూలు టైలర్ మిషన్ ఒప్పుకోలేదు, షామియానాలు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే పావుగంటలో కుట్టిచ్చాడు, 300. తలుపు అంచుకి గాజు తాడు పెట్టండి, హార్డ్‌వేర్ షాపులో ఆస్బెస్టాస్ తాడు కూడా చూపిస్తారు, అది ముట్టుకోవద్దు.

ఇప్పుడు పనితనం. పోయిన డిసెంబర్లో ఒక రాత్రి పదింటికి బయట నా థర్మామీటర్లో 7 డిగ్రీలు. పొయ్యి వెలిగించిన పాతిక నిమిషాలకి టెంటు మధ్యలో 24. మా బావమరిది మంకీ క్యాప్ తీసేశాడు, వాడు వైజాగ్‌లోనే జనవరి అంతా మంకీ క్యాప్‌తో తిరిగే రకం. పొయ్యి మీద టీ పన్నెండు నిమిషాల్లో మరిగింది, పొద్దున్న ఉప్మా కూడా దాని మీదే. పైరేకు వేడికి పూరీలా కొంచెం ఉబ్బింది, ఉబ్బితే ఉబ్బింది, గిన్నె కాస్త ఊగుతుంది అంతే. వెలిగించే ముందు ఒక కాయితం ఉండ గొట్టం కింది మూతి దగ్గర కాల్చాలి, గొట్టంలో ఉన్న చల్లగాలి ముందు కదలాలి, ఈ చిట్కా తెలియక మొదట్లో రెండుసార్లు టెంటు నిండా పొగ చేసుకుని దగ్గుతూ బయటికి పరిగెత్తాం.

కట్టెలు మాత్రం కింద నుంచే తీసుకెళ్ళండి. అక్కడ క్యాంప్ ఫైర్ కోసం అమ్మే మోపు మంచుకి తడిసి ఉంటుంది, అడవిలో కొట్టడం తప్పు. నేను భీమిలి వైపు నుంచి ఎండిన సర్వి, అంటే సరుగుడు కట్టెలు, తీసుకెళ్తా, గోనె సంచిడు, జానెడు ముక్కలుగా కోయించి. సర్వి బాగా వేడిగా కాలుతుంది, నిప్పులు కూడా చాలాసేపు ఉంటాయి.

మైనస్ ఏంటంటే రాత్రంతా వేడి అనేది ఈ సైజు పెట్టెతో జరగదు. నలభై నిమిషాలకోసారి ముక్క వేయాలి, మంట ఆరాక ఇరవై నిమిషాల్లో టెంటు మళ్ళీ ఐసు పెట్టె, గుడ్డ గోడ వేడిని ఆపదు కదా. పడుకునే ముందు రెండు గంటలు, లేచాక ఒక గంట, దానికే ఇది. అసలు నేను మంట ఉండగా నిద్రపోను. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు రంగు లేదు, రక్తంలో ఆక్సిజన్ చోటుని అదే పట్టేసుకుంటుంది, మనిషికి ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఆ మత్తుని నిద్ర అనుకుంటాడు. పైగా మంట లేకుండా ఎర్రగా ఉన్న నిప్పులే ఎక్కువ డేంజర్. గొట్టం లేని కుంపటి టెంటులో పెట్టుకుని జిప్పు వేసుకునే వాళ్ళని నేను అక్కడ కళ్ళారా చూశా, వెళ్ళి చెప్తే "ఏం కాదు గురూ" అన్నారు, కాసేపు గొడవ పడి కుంపటి బయట పెట్టించా. నా టెంటులో కింద ఒక కిటికీ, పైన ఒక కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటాయి, బ్యాటరీ అలారం 1400 పెట్టి కొన్నా, మొత్తం ఖర్చులో నేను బేరమాడనిది అదొక్కటే. పొయ్యి కింద ఇసుక పోసిన రేకు ట్రే, గుడ్డకి రెండు మూరల దూరం, పక్కన నీళ్ళ బకెట్.

లెక్క అడుగుతారు కాబట్టి: వెల్డింగ్, షీటు కలిపి 2600, గొట్టం 1900, బ్లాంకెట్ 650, టైలర్ 300, అలారం 1400, మొత్తం 6850, మెడ మార్చినందుకు ఆయన డబ్బులు తీసుకోలేదు. టెంటు ఖర్చు ఇందులో లేదు, అది మా ఆవిడకి తెలీదు, ఇక్కడ రాయను.

ఈ సంక్రాంతి ముందు వెల్డింగ్ షాపుకి వెళ్తే మా వెల్డింగ్ మావయ్య సంతోషంగా వాళ్ళింటికి తీసుకెళ్ళి చూపించాడు, నా పొయ్యి చూసి నచ్చి నీళ్ళు కాచుకోడానికి పెరట్లో తనకీ ఒకటి చేసుకున్నాడంట, 3 ఎంఎం షీటుతో. భలే ఉంది. గోడ పక్కన గొట్టం వైపు చూశా, కొత్తగా వేసిన సున్నం మీద పైనుంచి కింద దాకా నల్లగా మూడు చారలు. సన్న చివరలు మళ్ళీ పైకే పెట్టాడు.