జాగ్రత్త: వైజాగ్‌లో అమ్ముతున్న ‘చెక్క టైటానిక్’ కిట్

టైటానిక్ చెక్క మోడల్ కిట్ కొందామని చూస్తున్న వైజాగ్ వాళ్లు డబ్బు పంపేముందు ఇది చదవండి. నేను ఓ సోషల్ మీడియా పేజీలో చూసి తెప్పించాను. పేజీ పేరు రాయను, ప్రకటన మాత్రం ఇదీ: ‘పూర్తిగా చెక్క, 1:300 స్కేలు, ఇత్తడి రెయిలింగులు’.

అసలు ఓడ పొడవు 269 మీటర్లు. ఆ లెక్కన మోడల్ 90 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూగా రావాలి. కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నెముక) ముక్కలు జతచేసి కొలిస్తే టేపు 81 దగ్గరే ఆగింది.

పొడవు సంగతి సర్దుకుందామన్నా, చెక్క విషయంలో చేసింది మోసమే. పైన అతికించే పట్టీలే చెక్కవి. కీల్, ఫ్రేములు (దానికి అడ్డంగా నిలిపే పక్కటెముకలు) అన్నీ ఎండీఎఫ్, అంటే చెక్క పిప్పిని జిగురుతో అదిమి చేసిన పలక. లేజర్‌తో కోసిన అంచు నల్లగా మాడి ఉంటుంది కాబట్టి చూడగానే పోల్చుకోలేం. గోటితో గీరితే నార తగలదు, మెత్తగా పొడి రాలుతుంది. మన ఊరి తేమకు ఎండీఎఫ్ ఉబ్బకుండా ఉంటుందా? కీల్‌ను అద్దం మీద పెడితే మధ్యలో పెన్సిల్ దూరేంత సందు. అది వంగాక పైన ఎంత చిత్రిక పట్టినా ఓడ మెలితిరిగే ఉంటుంది. రెయిలింగులు బంగారు రంగేసిన ప్లాస్టిక్.

పైగా అది టైటానికే కాదు. టైటానిక్‌లో ‘A’ డెక్ (పై అంతస్తుల్లో ఒకటి) వరండా ముందు సగం కిటికీలతో మూసి ఉంటుంది. ఇందులో ఆ చివర నుంచి ఈ చివర దాకా తెరిచే ఉంది. అంటే ఇది దాని అక్క ఓడ ఒలింపిక్! ఆ ఓడ 1935 దాకా తిరిగింది, మునిగింది నా డబ్బులే.

అమ్మినవాణ్ని అడిగితే, “షోకేసులో పెట్టుకునేదే కదా సార్, ఎవరు చూస్తారు?” అన్నాడు. 1948లో ఇక్కడే కట్టిన ‘జల ఉష’ ఓడను నెహ్రూ నీళ్లలోకి దింపిన ఊళ్లో అనాల్సిన మాటేనా?

వాపసు లేదని వాట్సాప్‌లో పెట్టారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం చెప్పింది ఒకటీ పంపింది ఒకటీ అయితే వెనక్కి తీసుకోవాల్సిందే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాకే సగం ఇస్తామని బేరానికి దిగారు. నేను ఒప్పుకోలేదు.

ఎవరి దగ్గర కొన్నా సరే, కీల్ పక్కన టేపు పెట్టి తీసిన ఫొటో అడగండి. ఏ భాగం ఏ చెక్కో చాట్‌లో రాయించుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, అన్నీ కొలిచేదాకా ఫెవికాల్ మూత తీయకండి. ఒక్క ముక్క అతికించినా ‘వాడేశారు’ అంటున్నారు.