యునాన్ కొండల ఎర్ర టీ: చాన్నాళ్ళు తాగాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. పాలు, పంచదార, అల్లం వేసి మరగబెట్టే టీ కోసమైతే దీన్ని కొనకండి, డబ్బు దండగ. ఆ పని మామూలు అస్సాం పొడే ఇంతకన్నా బాగా చేస్తుంది. పాలు లేకుండా తాగేవాళ్ళకు, ఆ అలవాటు చేసుకుందామనుకునే వాళ్ళకు మాత్రం ఇంత తేలిగ్గా మచ్చికయ్యే టీ ఇంకోటి నాకైతే తగల్లేదు.

నేను వాడేది చైనాలో యునాన్ రాష్ట్రం, లిన్‌త్సాంగ్ ప్రాంతంలోని ఫెంగ్‌చింగ్ కొండ తోటల ఆర్గానిక్ ఆకు. పేరు దియెన్‌హోంగ్. చైనావాళ్ళు రెడ్ టీ అనేది మనం బ్లాక్ టీ అనేదాన్నే. దక్షిణాఫ్రికా నుంచి వచ్చే రూయిబోస్ వేరు, అది అసలు టీ మొక్కే కాదు. మా పిన్ని కొడుకు యునాన్‌లోనే దాలి అనే ఊళ్ళో మెడిసిన్ చదివే రోజుల్లో సెలవులకు వస్తూ ఒక ప్యాకెట్ పట్టుకొచ్చాడు. అక్కడ మన తెలుగు పిల్లలు చాలామందే చదివారు లెండి. వాడు చదువు ముగించుకుని వచ్చేశాక ఆన్‌లైన్లో తెప్పించుకోవడం మొదలుపెట్టాను.

యునాన్‌లో టీ చెట్లు తాతల కాలం నాటివే అయినా ఈ ఎర్ర టీ వయసు పెద్దగా లేదు. జపాన్ దండయాత్రతో తూర్పు చైనా టీ ప్రాంతాలు యుద్ధంలో చిక్కుకున్నాయి. ఎగుమతులకు కొత్త చోటు చూడమని ఫెంగ్ షావ్‌చియు అనే టీ నిపుణుణ్ణి 1938లో యునాన్ పంపారు. అప్పట్లో షున్‌నింగ్ అని పిలిచే ఈ ఫెంగ్‌చింగ్‌లోనే ఆయన మొదటి నమూనాలు తయారుచేశాడు. మరుసటి ఏడాదికల్లా ఫ్యాక్టరీ పెట్టారు, సరుకు హాంకాంగ్ మీదుగా లండన్ వెళ్ళింది. ఇక్కడి చెట్టు పెద్ద ఆకు రకం, అంటే అస్సాం టీ జాతే. మన కిరాణా కొట్టు టీపొడికి దగ్గరి చుట్టం. కాకపోతే మన పొడి కోసం ఆకును యంత్రాల్లో నలిపి, చించి, గుళికలుగా చుడతారు. దీన్ని వీలైనంత విరగకుండా వాడబెట్టి, మెలితిప్పి, గాలికి ఎర్రబడనిచ్చి ఆరబెడతారు. వగరు నెమ్మదిగా దిగడానికి కారణం అదే.

డబ్బా మూత తీయగానే నల్లటి పొడవాటి ఆకుల మధ్య బంగారు రంగు మొగ్గలు కనిపిస్తాయి. ఆ రంగు లేత మొగ్గ మీది నూగుది. వడకట్టినప్పుడు జాలీకి సన్నటి పసుప్పచ్చటి పొడిలా అంటుకుని ఉంటుంది, అది చెత్త కాదు. వేడినీళ్ళు పడగానే కాల్చిన గెనుసుగడ్డ వాసన గుప్పుమంటుంది. తాగితే మొదట తేనె లాంటి తీపి, వెనకాల కాస్త మిరియాల ఘాటు. పంచదార అక్కర్లేదు. మిగిలిన టీ చల్లారితే మబ్బుగా, మట్టి రంగుకు తిరుగుతుంది. పాడైపోయిందని పారబోయకండి. అందులోని కెఫీన్, ఎరుపునిచ్చే పదార్థాలు చల్లబడ్డాక ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల అలా అవుతుంది, వేడిచేస్తే మళ్ళీ తేటపడుతుంది. చిక్కటి టీకే ఇలా ఎక్కువగా జరుగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ తంటా నీళ్ళతో. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళతో పెడితే కప్పు పైన మెరిసే తెట్టు కట్టింది, అంచున గోధుమరంగు గీత పడింది, వాసన సగానికి సగం పోయింది. నీళ్ళలోని కాల్షియం చేసే పని అది. అలాగని ఉత్త ఆర్‌ఓ నీళ్ళు వాడితే చప్పగా, ప్రాణం లేనట్టు ఉంటుంది. ఆర్‌ఓ నీళ్ళలో కుళాయిలో వచ్చే మంజీరా నీళ్ళు కాసిని కలిపి కాచడం నాకు కుదిరింది. వేడి సంగతి కూడా ఉంది. 1,800 మీటర్ల ఎత్తున నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఆ కొండల్లో సలసల కాగే నీళ్ళు పోసినా ఆకు మీద పడే వేడి అంతే. హైదరాబాద్‌లో 98 దాకా వెళ్తుంది. అందుకని కెటిల్ ఆగాక మూత తీసి ఒకట్రెండు నిమిషాలు వదిలేయండి. వగరు ఇట్టే తగ్గుతుంది. కొలత అంటారా, పెద్ద కప్పుకు రెండు మూడు గ్రాములు, మూడు నిమిషాలు. నేనైతే చిన్న మూత కప్పులో నాలుగు గ్రాములు వేసి, కొన్ని సెకన్లకే వంపుకుంటూ అదే ఆకుతో ఐదారుసార్లు తాగుతాను. మూడో విడతకే అసలు రుచి.

ఇక ఆర్గానిక్. ఆ ముద్ర రుచికి హామీ కాదు, సాగుకు మాత్రమే. చైనా నిబంధనల ప్రకారం టీ లాంటి, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండే పంటకు, ఆర్గానిక్‌గా అమ్మే మొదటి కోతకు ముందు ఆర్గానిక్ సాగుకు మారాక మూడేళ్ళు గడవాలి. అక్కడ అమ్మే ప్యాకెట్ మీద గీకి చూసుకునే స్టిక్కర్, దాని కింద 17 అంకెల కోడ్ ఉంటాయి. మావాడు తెచ్చిన ప్యాకెట్ మీద అది ఉంది. తర్వాత ఒక ఆన్‌లైన్ అమ్మకందారు పంపిన డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ, "ఆర్గానిక్" అన్న మాట తప్ప ఏమీ లేదు. సర్టిఫికెట్ ఏదని అడిగితే "నాచురల్ ఫార్మ్ మేడమ్" అని జవాబొచ్చింది. లోపల సగం ఆకు నుసి, పైగా తయారీ తేదీ చెరిగిపోయి ఉంది. డబ్బులు తిరిగి రాబట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇక బరువు తగ్గుతారు, షుగర్ దిగుతుంది అంటూ కొందరు అమ్మకందారులు ఒక పేరా రాసి అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. ఆ పేరా వదిలేసి తయారీ తేదీ, కోత కాలం చూడండి చాలు.

అచ్చంగా బంగారు మొగ్గలతోనే చేసిన రకం చూడ్డానికి అదిరిపోతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. కానీ రోజువారీకి నా ఓటు ఒక మొగ్గ, రెండాకుల రకానికే. మొగ్గల టీ మరీ మెత్తగా ఉండి రెండో కప్పుకు విసుగొస్తుంది. నాకు పోస్టేజీతో కలిపి 100 గ్రాములు 1,500 రూపాయల దాకా పడింది. టీ దిగుమతి మీద మన దేశంలో 100 శాతం సుంకం ఉందని మర్చిపోకూడదు. నాలుగు గ్రాముల చొప్పున లెక్కేస్తే పూటకు 60 రూపాయలు. ఇంటిల్లిపాదీ తాగే టీ కాదిది.

ఇంట్లో అందరూ మెచ్చారని కూడా చెప్పలేను. మా అత్తయ్యగారు ఒక గుక్క తాగి, "పాలు లేని టీ జ్వరమొచ్చినప్పుడు తాగేదమ్మా" అని కప్పు పక్కన పెట్టేశారు. ఆవిడకు చిక్కగా దింపి రెండు చెంచాల వేడి పాలు కలిపిస్తే తాగారు, పెద్ద ఆకు రకం కాబట్టి ఆ మాత్రం పాలకు తట్టుకుంటుంది. నాకు మాత్రం సాయంత్రం ఆరు దాటితే పనికిరాదు, నిద్ర పట్టదు. రక్తహీనత ఉన్నవాళ్ళు అన్నం తిన్న వెంటనే తాగొద్దు, తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

వానాకాలంలో గాలి చొరని స్టీలు డబ్బాలో, మసాలా డబ్బాలకు దూరంగా పెట్టండి. ఇంగువ పక్కన పెడితే ఇక అంతే. ఏడాదిన్నర లోపు తాగేస్తే మంచిది, అందుకే నేను ఒకేసారి 100 గ్రాములకు మించి తెప్పించను.