పోటీకి ఆరు వారాల ముందు జంపింగా, డ్రెస్సాజా: ఏది మేలు?

ఈ నెలలో ఈ ప్రశ్న నాలుగోసారి వచ్చింది. "అన్నా, గుర్రం పోల్స్ పడేస్తోంది, ఈవెంటింగ్ పోటీకి ఆరు వారాలే ఉంది, డ్రెస్సాజ్ పక్కన పెట్టేసి జంపింగ్ మీదే కూర్చోనా?" అని. ఈవెంటింగ్ అంటే ఒకే గుర్రంతో మూడు పరీక్షలు: డ్రెస్సాజ్ (ఎరీనాలో చెప్పిన కదలికలు వరసగా చేసి చూపడం), క్రాస్ కంట్రీ (ఆరుబయట గుంటలు, నీళ్ళు లాంటి అడ్డంకులు దాటుతూ పరుగు), షో జంపింగ్ (అడ్డంగా పెట్టిన కర్రలు, అంటే పోల్స్, పడకుండా దూకడం). ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నా. పోయిన సీజన్ ముందు నాకూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది, అదీ మలక్‌పేట రేస్ ట్రాక్ మీద పరిగెత్తి వచ్చిన థరోబ్రెడ్‌తో, అంటే రేసు గుర్రంతో.

మార్కుల లెక్క చూస్తే రెండు వైపులా బలం ఉంది. మూడింట్లో పెనాల్టీలు కలిపి ఎవరికి తక్కువైతే వాళ్ళదే గెలుపు. డ్రెస్సాజ్‌లో 62 శాతం వస్తే 38 పెనాల్టీతో మొదలవుతాం, 68 తెచ్చుకుంటే 32తో, అంటే ఆరు పాయింట్లు మిగిలినట్టే, ఒక పోల్ పడితే పోయేది 4. పారిస్ ఒలింపిక్స్‌లో మైకేల్ యుంగ్ షో జంపింగ్‌లో ఒక పోల్ పడేసి కూడా 21.8తో గోల్డ్ కొట్టాడు, ఎందుకంటే డ్రెస్సాజ్‌లో 17.8తో వచ్చాడు, రెండో స్థానంలో ఉన్న క్రిస్టఫర్ బర్టన్ 22.4 దగ్గర ఆగాడు. ఇంకోవైపు మన ఫవాద్ మీర్జా టోక్యోలో సినియర్ మెడికాట్ అనే గుర్రం మీద 28.00తో డ్రెస్సాజ్ అయ్యాక 9వ స్థానంలో ఉన్నాడు, తర్వాత క్రాస్ కంట్రీలో టైమ్ పెనాల్టీలు, జంపింగ్ పెనాల్టీలు కలిసి 59.60తో 23వ స్థానంలో ముగించాడు. మన దేశం నుంచి వెళ్ళి ఫైనల్ దాకా రావడమే పెద్ద విషయం, అది వేరే సంగతి. క్రాస్ కంట్రీలో గుర్రం ఒక్కసారి మొరాయిస్తే 20 పోతాయి, అది ఏ డ్రెస్సాజ్ మార్కూ పూడ్చలేదు.

కానీ నా వరకు అసలు తేల్చేది ఈ లెక్కలు కాదు, క్యాంటర్, అంటే గ్యాలప్ కంటే నెమ్మదైన, అదుపులో ఉండే పరుగు. జంప్ వైపు వెళ్తున్నప్పుడు మనం అడిగితే అంగ చిన్నది చేస్తుందా, వదిలితే సాగుతుందా, అంతే. మన దగ్గర పోల్ పడేది చాలాసార్లు గుర్రానికి ఎగరడం రాక కాదు, మరీ దగ్గరకి వచ్చేసో మరీ దూరం నుంచో లేవాల్సి రావడం వల్ల. అది దిద్దాల్సింది జంప్ దగ్గర కాదు, జంప్‌కి ముందున్న పది అంగల్లో.

ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. పోల్స్ పడుతున్నాయని మూడు వారాలు, వారానికి మూడు రోజులు జంపింగే చేయించా. ట్రాక్ గుర్రానికి పగ్గం పట్టుకుంటే కళ్ళెం మీద ఆనుకుని ఇంకా స్పీడ్ పెంచడమే అలవాటు, నేను ఆపాలని లాగేకొద్దీ అది దూసుకెళ్ళేది, చివరికి ఎరీనాలో జంప్స్ పెట్టడం చూస్తేనే మెడ మీద చెమట పట్టేది. పోటీ రోజు డ్రెస్సాజ్‌లో లోపలికి వెళ్ళి మధ్యలో నిలబడాలి కదా, సెల్యూట్ చేసేంతసేపు కూడా నిలబడలేదు, వెనక కాళ్ళు పక్కకి జరుపుతూనే ఉంది. అలా డ్రెస్సాజ్ పోయింది, తర్వాత రెండు పోల్స్ కూడా పోయాయి.

ఆ తర్వాత తిరగేశా. మూడు రోజులు ఫ్లాట్ వర్క్ (దూకడం లేకుండా చేసే డ్రెస్సాజ్ సాధన), ఒక్కరోజు జంపింగ్, ఒకరోజు గ్యాలప్, ఒకరోజు మట్టిరోడ్డు మీద నడక, ఒకరోజు రెస్ట్. ఫ్లాట్ వర్క్‌లో ఎక్కువగా చేసింది ఒక్కటే. నేల మీద 18 మీటర్ల దూరంలో రెండు పోల్స్ పెట్టి, మామూలుగా వెళ్తే మధ్యలో నాలుగు అంగలు పడతాయి, అదే దూరం ఐదులో తీసుకురావాలి, మళ్ళీ నాలుగులో. మొదటి వారం ఐదు అడిగితే తల పైకెత్తేసి నాలుగున్నరలో వచ్చి రెండో పోల్ మీద కాలేసేది, టక్‌మని చప్పుడు, దానికే ఉలిక్కిపడేది. నేను లాగడం మానేసి, వీపు నిటారుగా పెట్టి, పగ్గం ఒక్క క్షణం బిగించి వెంటనే వదలడం మొదలుపెట్టా, హాఫ్ హాల్ట్ అంటే అదే కదా, కానీ ఆ వదలడమే నేను చేసేవాణ్ణి కాదు. రెండు వారాలు దాటాక ఒక పొద్దున చెవి ఒకటి నా వైపు తిప్పి, మెడ దించి, ఒకటి రెండు మూడు నాలుగు ఐదు అని లెక్కపెట్టినట్టే వచ్చింది. గోడ దగ్గర నిలబడ్డ సయీస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) కూడా "ఇదేనా సార్ మన గుర్రం" అన్నాడు. ఆ వారం జంపింగ్ రోజున ఒక్క పోల్ కూడా కదల్లేదు, జంపింగ్ నేర్పింది మాత్రం ఏమీ లేదు.

కాళ్ళ సంగతి కూడా ఉంది. వేసవిలో మన దక్కన్ నేల రాయిలా ఉంటుంది, దాని మీద వారానికి మూడుసార్లు దూకిస్తే టెండన్ (కాలి స్నాయువు) మీద భారం పడుతుంది, ముందు కాలు కొంచెం వేడెక్కినా ఆరు వారాలూ లాయంలోనే గడుస్తాయి.

జంపింగ్‌కే ఓటేయాల్సిన గుర్రాలూ ఉన్నాయి. గుంట చూసి, నీళ్ళు చూసి ఆగిపోయే గుర్రానికి షోల్డర్ ఇన్ (భుజాలు కొంచెం లోపలికి తిప్పి నడిపించే డ్రెస్సాజ్ కదలిక) నేర్పి లాభం లేదు, చిన్న చిన్న జంప్స్ మీదుగా, తోడు ఇంకో అనుభవం ఉన్న గుర్రాన్ని ముందు పంపించి, ధైర్యం తెప్పించాలి. అలాగని డ్రెస్సాజ్ అంటే రోజూ అదే 20 బై 40 ఎరీనాలో సర్కిళ్ళు కొట్టించడం కాదు, విసిగిపోతుంది. లెగ్ యీల్డ్ (మన కాలు ఒత్తితే ముందుకు వెళ్తూనే పక్కకి జరగడం) రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా చేయించొచ్చు.

పొడవు తాడు మీద గుండ్రంగా తిప్పడం గురించి కూడా కొందరు అడిగారు. ఒళ్ళు వేడెక్కడానికి పదిహేను నిమిషాలు చాలు, అంతకంటే దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఆఖరి వారంలో అయితే పోటీకి నాలుగు రోజుల ముందు ఒకసారి జంప్ చేయించండి, పోటీలో ఉండే ఎత్తు కంటే పెంచొద్దు, బాగా దూకగానే ఆపేసి దిగిపోండి. మిగతా రోజులు నడక, ట్రాట్ (నడకకి, క్యాంటర్‌కి మధ్య వేగం), ఆ రెండు పోల్స్. డ్రెస్సాజ్ టెస్ట్ మొత్తం మొదటినుంచి చివరిదాకా రోజూ రిహార్సల్ చేయించొద్దు, గుర్రానికి వరస గుర్తుండిపోయి మనం అడక్కముందే తిరిగేస్తుంది, ముక్కలుగా చేయించండి.